అంగిలి - ఊపిరి - ముఖము



పలక పట్టి అక్షరములు దిద్దిన ప్రతివారును అంగిలిని గురించి కొంత నేర్చినవారే. కవర్గము కంఠ్యమనియు, చవర్గము తాలవ్యమనియు, టవర్గము మూర్ధన్యమనియు, తవర్గము దంత్యమనియు, పవర్గము ఓష్ఠ్యమనియు పంతుళ్ళు వల్లె వేయించియే యుందురు. తాలువనగా అంగిలి. ఏ యక్షరమునకు నాలుక ఎచ్చట తాకునో కనిపెట్టి, ఆ వరుసనే వర్ణమాలను కూర్చిన పూర్వులు నోటి పైకప్పును ఎంత శ్రద్ధతో పరిశీలించిరో దీనివలన తెలియును. తెలుగు వ్యాకర్తలు మరియొక మెట్టెక్కి, చేపలోని చకారము వేరు, చాపలోని చకారము వేరు అని గుర్తించి, ఒకటి తాలవ్యము, వేరొకటి దంత్యము అని నిరూపించిరి.

అయితే ఆ పైకప్పునకు పైన నేమున్నదను ప్రశ్న వర్ణమాల పాఠములో రాదు. పైన నున్నది ముక్కు. మేడయింట క్రింది గదికి కప్పైనదే పై గదికి నేలయైనట్లు, నోటికి పైకప్పైన అంగిలియే ముక్కునకు నేల. క్రింది గది ఇరుకైన యెడల పై గదియు ఇరుకుగానే యుండును. ఈ యొక్క సంగతి మనస్సున నిలుపుకొన్నచో తక్కిన విషయమంతయు సులభముగ బోధపడును.

ముక్కు మూసికొనిపోయిన పిల్లవాడు “అమ్మా” అని పిలిచినను “అబ్బా” అనినట్లు వినబడును. మకారము అనునాసికము, దానికి గాలి ముక్కుగుండ పోవలెను. పోవుటకు దారి లేనప్పుడు మకారము బకారమగును. జలుబు చేసినప్పుడు నాలుగు దినములు ఇట్లుండుట సహజము. జలుబు లేకయే సంవత్సరము పొడుగునను ఇట్లు పలుకు పిల్లలు ప్రతి బడిలోను కొందరుందురు. వారి నోటిలోనికి తొంగిచూచు పెద్దలు మాత్రము అరుదు.

రామతీర్థపు కొండమెట్లెక్కువారు సగము దూరము పోవునప్పటికి నోరు తెరచి ఊపిరి పీల్తురు. అది దోషము కాదు. శ్రమపడు శరీరమునకు ముక్కుదారి ఒక్కటియే చాలదు గనుక నోరును సాయము వచ్చును. కాని చాపపై కదలక కూర్చుండి పుస్తకము చదువుకొను బాలుడు నోరు తెరచియే యున్నచో, రాత్రి గురకపెట్టుచు నిదురలో పొర్లాడుచున్నచో, తెల్లవారునప్పటికి పెదవులెండి దిండు తడిసియున్నచో, అది విచారింపవలసిన విషయము. “వాని అలవాటే అంత” అని ఊరకుండుట ఇండ్లలో పరిపాటి. అలవాటని తోచునది పెక్కుమార్లు అలవాటు కాదు. ముక్కులో దారి లేమి.

1868లో డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హేగనులో విల్‌హెల్మ్ మేయర్ అను వైద్యుడు, ముక్కు వెనుక గొంతు పైభాగమున పెరుగు కండయొకటి పిల్లల ఊపిరిదారికి అడ్డుపడుచున్నదని లోకమునకు తెలియజేసెను. దానినే నేడు అడినాయిడు అందురు. అది పెద్దదైన పిల్లలకు తరచుగా ముఖము పొడుగుగను, పై పెదవి పొట్టిగను, నోరు తెరచుకొనియు, పైపండ్ల వరుస ఇరుకుగను కానవచ్చును. ఇందుకు చెప్పు కారణము సులభమైనది. నోరు మూసియున్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకొని, బుగ్గల ఒత్తిడికి ఎదురుగా లోపలి ఆసరావలె నిలుచును. నోరు తెరచినప్పుడు నాలుక క్రిందికి జారును. బుగ్గల ఒత్తిడికి ఎదురు లేకపోవును. ఎదుగుచున్న పైదవడ ఇరుకై, అంగిలి గోపురమువలె లోతుగ పైకి లేచును. అమెరికాలో హార్వోల్డ్ అను శాస్త్రజ్ఞుడు కోతిపిల్లల ముక్కులు మూసి పరీక్షింపగా వాని దవడల ఆకారము నిజముగనే మారినది. కాని అన్ని కోతులకును ఒకే తీరున మారలేదు. మనుష్యులలో వంశమునుండి వచ్చు దవడ ఆకారమును, నాలుగైదేండ్లు దాటినను మానని బొటనవ్రేలి చప్పరింతయు ఇందులో పాలు పంచుకొనును. కావున ఇరుకు అంగిలిగల ప్రతి బిడ్డయు నోటితో ఊపిరి పీల్చినందుననే అట్లైనాడనుట తొందరపాటు. ముక్కు మూసికొనుటవలన అంగిలి ఇరుకైనదో, అంగిలి ఇరుకగుటవలన ముక్కు మూసికొన్నదో ఒక్కొక్క బిడ్డ విషయమున పరీక్షించి తేల్చవలసినదే.

ఇరుకు దవడను ఇంటివద్దనే కొంతవరకు గుర్తింపవచ్చును. బరిణె మూత బరిణె అంచును వెలుపలినుండి కప్పి కూర్చున్నట్లు పైపండ్లు క్రిందిపండ్లను వెలుపలినుండి కప్పవలెను. మూత చిన్నదైనచో? బిడ్డ నోరు మూయబోవగా పండ్లు సరిగా కలియవు. నమలుట కొరకు బిడ్డ తెలియకయే క్రిందిదవడను ఒక ప్రక్కకు జరుపుకొనును. అద్దములో చూచిన గడ్డము నడిమి గీతనుండి తొలగి కనబడును. మొదట ఇది జరుపుట మాత్రమే. ఏండ్ల తరబడి అట్లే సాగినచో ఎముకయే ఆ వంకరతో ఎదుగవచ్చును. పైదవడను సకాలమున వెడల్పు చేయుటవలన ముఖమునకు కలుగు మేలు అన్నింటిలో నిశ్చయమైనది ఇదియే.

సకాలమను మాటయే ఇచట ముఖ్యము. పైదవడ ఒక్క ఎముక కాదు, రెండు. కుడియెడమల రెండెముకలు అంగిలి నడుమ ఒక అతుకువద్ద కలియును. నాలుక కొనతో అంగిలిని తడవినచో ముందునుండి వెనుకకు సన్నని గీత తగులును. అతుకు దాని లోపలనే యున్నది. 1975లో డెన్మార్కుకు చెందిన బిర్తె మెల్సన్ అను శాస్త్రజ్ఞురాలు మృతుల అంగిళ్ళను పరీక్షించి, శైశవమున ఈ అతుకు సాదాగా నుండుననియు, బాల్యమున అలలవలె వంపులు తిరుగుననియు, యౌవనారంభమున రెండు చేతుల వ్రేళ్ళు ఒకదానిలోనొకటి చొప్పించి బిగించినట్లు పెనవేసికొనుననియు చూపించినది. పిమ్మట నడుమ నడుమ ఎముక వంతెనలు కట్టును. అంతట అతుకు అతుకుగా మిగులదు.

ఇది ఏ వయస్సున జరుగును? అందరికి ఒకే వయస్సున కాదు. 1977లో స్వీడనులో పెర్సన్, తిలాండర్ అనువారు చేసిన పరిశోధనలో 15 ఏండ్ల బాలికకే అతుకు మూసికొన ప్రారంభించియుండగా, 27 ఏండ్ల స్త్రీకి ఇంకను మూసికొనలేదు. ఇట్టి భేదములున్నను మొత్తముమీద ఏడెనిమిదేండ్లనుండి పదునాలుగేండ్ల లోపల చేసిన పని సులభముగ ఫలించుననియు, ఆ తరువాత సంవత్సరము సంవత్సరమునకు కష్టమగుననియు వైద్యుల అనుభవము. ఈ ప్రాంతమున సాధారణముగ జరుగునదేమి? బిడ్డ పదవయేట నోరు తెరచి నిద్రించినప్పుడు ఎవరును పట్టించుకొనరు. ఆడపిల్లకు పెండ్లిచూపులు కుదురునప్పటికి ఎత్తుపండ్లు కంటబడును. అప్పుడు తల్లిదండ్రులు పట్టణమునకు పరుగెత్తుదురు. పదియేండ్ల క్రితము ఒక తాళపుచెవితో తీరిపోవలసిన పని అప్పటికి శస్త్రచికిత్స వరకు వచ్చియుండును. మగపిల్లవాడైనచో ఆ మాత్రమైనను చూచువారుండరు.

తాళపుచెవి అనుట అలంకారము కాదు. 1860లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎమర్సన్ ఏంజెల్ అను దంతవైద్యుడు పదునాలుగేండ్లు దాటిన బాలిక అంగిలికి అడ్డముగా ఒక మర అమర్చి, దానిని కొంచెము కొంచెముగా త్రిప్పుకొనుమని చెవి చేతికిచ్చెను. రెండు వారములలో ఆమె ముందుపండ్ల నడుమ సందేర్పడి, దవడ పావు అంగుళము వెడల్పైనది. రెండెముకలు విడివడినవని ఏంజెల్ వ్రాయగా తోటి వైద్యులు నమ్మలేదు. ఎక్స్‌రే కిరణములను రంట్‌గెన్ కనిపెట్టుటకు అది ముప్పదియైదేండ్ల ముందటి మాట. లోపలి ఎముకను చూపి నిరూపించు సాధనము ఏంజెల్‌కు లేదు. శతాబ్దము గడచిన పిదప 1961లో ఆండ్రూ హాస్ అను వైద్యుడు, అంతకుముందు పందిపిల్లలపై పరీక్షించి, 45 మంది రోగులకు చేసిన చికిత్స ఫలితములను ప్రకటించుటతో ఈ పద్ధతి తిరిగి లేచి నిలిచినది. చెప్పినవానిని నమ్మకపోవుట వైద్యలోకమునకును కొత్త కాదు.

నేడు చేయు పనియు మూలమున ఏంజెల్ చేసినదే. వెనుక దవడపండ్లకు ఉక్కు పట్టీలు తొడిగి, వానిని కలుపుచు అంగిలి నడుమ చిన్న మర నిలుపుదురు. దీనిని చేయువాడు పండ్ల వరుస సరిచేయుటలో ప్రత్యేకముగ చదివిన దంతవైద్యుడు. జనులు “క్లిప్పుల డాక్టరు” అని పిలుచువాడితడే. మరను త్రిప్పుట మాత్రము ఇంటివద్ద తల్లియో తండ్రియో చేయవలెను. ఒక పావుచుట్టు త్రిప్పిన మర ఇంచుమించు పావు మిల్లీమీటరు తెరచుకొనును. వైద్యుడు చెప్పినట్లు దినమునకు ఒకటి లేక రెండు మార్లు త్రిప్పగా రెండు మూడు వారములలో కావలసిన వెడల్పు వచ్చును. ఇందులో తల్లి శ్రద్ధయే సగము వైద్యము. త్రిప్పిన ప్రతిమారును పంచాంగముమీద ఒక గీత పెట్టుకొనుట మేలు. మరచితినని ఒకే దినము నాలుగు చుట్లు త్రిప్పుట కీడు.

త్రిప్పిన క్షణమున బిడ్డకు ముక్కు మొదట, కనుబొమల నడుమ, ఒత్తిడి తెలియును, కన్నీరును రావచ్చును. కొద్ది నిమిషములలో అది తగ్గును. మొదటి వారము పది దినములలో ముందుపండ్ల నడుమ సందు విచ్చును. దీనిని చూచి ఇంటివారు బెదరుదురు. పండ్లు చెడిపోయినవని వైద్యుని నిందింతురు. నిజమునకు ఆ సందే అతుకు తెరచుకొన్నదనుటకు సాక్ష్యము. చిగుళ్ళలోని నారలు లాగుటచే కొన్ని మాసములలో ఆ సందు చాలవరకు దానంతట అదియే మూసికొనును. మర త్రిప్పుట ముగిసిన పిదప మూడు మొదలు ఆరు మాసముల వరకు పరికరమును కదల్చక నోటనే యుంచుదురు. తెరచిన అతుకులో కొత్త ఎముక నిండవలెను గదా. నిండకమునుపు తీసివేసినచో దవడ వెనుకకు ముడుచుకొనును. “పని అయినది గదా, తీసివేయుడు” అని తొందరపెట్టు తల్లిదండ్రులు చేయించిన పనిని తామే చెరచుకొందురు.

ఆ నెలలలో కొన్ని కష్టములు తప్పవు. మొదటి వారము మాట తడబడును. నాలుక తాకవలసిన చోట ఇనుము తాకును గనుక చకారములును టకారములును మొద్దుబారును. ఉమ్మి ఊరును. అన్నము మెతుకులు మరలో ఇరుకుకొనును. ప్రతి భోజనమునకు పిమ్మట పుక్కిలించి బ్రష్షుతో తోమవలెను. తోమకున్న చిగుళ్ళు వాచును. శివరాత్రి జాతరలో అమ్ము జీళ్ళును, బెల్లపు పాకపు ఉండలును ఆ సంవత్సరమునకు మానుకొనవలసినదే; అవి పట్టీలను పెకలించును.

ఇక ఊపిరి విషయము. ముక్కులోపలి ప్రక్కగోడలు ఈ రెండెముకలలోనివే. ఎముకలు విడివడినప్పుడు గోడలును ఎడమగును. అయితే మర తెరచిన కొలత అంతయు ఎముకకు చేరదు. కొంతభాగము పండ్లు వెలుపలికి ఒరుగుటలో పోవును. ఎముక తెరచుకొనుటయు అంతట సమముగ నుండదు. ముందువైపున ఎక్కువ, వెనుక తక్కువ; క్రింద ఎక్కువ, పైకి పోవుకొలది తక్కువ. ముక్కునకు దక్కునది సాధారణముగ రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. అదెంత అని త్రోసివేయరాదు. వెడల్పు కాలువకు గజము కలిపినను తేడా తెలియదు. సన్నని బోదెకు బెత్తెడు కలిపిన నీరు పరుగెత్తును. మిక్కిలి ఇరుకైన ముక్కుగల బిడ్డకు ఆ కొంచెమే ఎక్కువ. 2004లో ఇటలీ వైద్యులు, ఇరుకు దవడయుండి అడినాయిడ్ల అడ్డు లేక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చు 31 మంది పిల్లలకు ఈ చికిత్స చేయగా వారి నిద్రలో ఊపిరి చక్కబడినదని ప్రకటించిరి.

ఆ పిల్లలకు అడినాయిడ్ల అడ్డు లేదనుట మరువరాదు. అడ్డు వెనుకనున్న కండయైనచో నేలను వెడల్పు చేసిన ప్రయోజనము స్వల్పము. దుమ్ముచేతనో పుప్పొడిచేతనో ముక్కులోపలి పొర వాచిన బిడ్డకు ముందు ఆ వాపునకు మందు కావలెను. వెడల్పు చేసిన పిదప అందరి ఊపిరియు ఒకే పాటిగ మెరుగుపడదు. కొందరికి చాల, కొందరికి కొంచెము, కొందరికి ఏమియు లేదు. పైగా పిల్లలు ఎదుగుకొలది ముక్కు పెద్దదగును, అడినాయిడు కరగును. మెరుగుదలలో మర వాటా యెంత, వయస్సు వాటా యెంతయను లెక్క సులభము కాదు. అందుచేతనే 2019లో అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘము, దవడ ఇరుకు లేని పిల్లలకు కేవలము ఊపిరి పేరుతో ఈ పని చేయరాదని హెచ్చరించినది. కావున ముందు చూపవలసినది చెవి ముక్కు గొంతు వైద్యునికి, తరువాత దంతవైద్యునికి. ఇరువురును కలిసి ఆలోచించిన బిడ్డ అదృష్టవంతుడు.

ముఖము విషయమున ప్రజలకు ఆశలు మిక్కుటముగ నున్నవి. ఈ దినములలో సెల్‌ఫోనులో ముందటి పటము, తరువాతి పటము ప్రక్కప్రక్కన చూపి, అంగిలి వెడల్పు చేసినచో చెక్కిళ్ళు లేచుననియు, ముఖము సినిమా నాయకుని ముఖమగుననియు చెప్పువారు తక్కువ కారు. పటములో గడ్డము కొంచెమెత్తి, దీపము ప్రక్కకు జరిపిన చాలును, ముఖము మారినట్లే యుండును. కొలిచి చూచినవారు చెప్పునదేమనగా, ముక్కుపుటముల మొదలు ఒకటి రెండు మిల్లీమీటర్లు వెడల్పగును. నవ్వినప్పుడు పెదవుల మూలల నుండు చీకటి సందులు పండ్లతో నిండి నవ్వు విశాలమగును. ఇరుకున పడి ఒకదానిమీదొకటి ఎక్కిన పండ్లకు చోటు దొరకును. చెక్కిటి ఎముకలు చెప్పుకోదగినంత కదలవు. క్రిందిదవడ కొంతకాలము క్రిందికి వెనుకకు తిరుగుటచే ముఖము ఇంచుక పొడుగైనట్లును కనబడవచ్చును. అందుచే స్వతహాగా పొడుగు ముఖముగల పిల్లల విషయమున వైద్యులు మరింత జాగ్రత్త వహింతురు. పక్కకు జరిగిన గడ్డము నడిమికి వచ్చుట మాత్రము తల్లి కంటికి స్పష్టముగ తెలియును.

వయస్సు దాటినవారికి ద్వారములన్నియు మూసికొన్నవని కాదు. పండ్లకు బదులు అంగిలి ఎముకకే చిన్న మేకులు బిగించి మరను నిలుపు పద్ధతిని కొరియా వైద్యులు 2010లో ప్రకటించిరి. ఇది యువతీయువకులలో చాలమందికి ఫలించుచున్నది. ఇరువదియైదేండ్లు దాటిన మగవారిలో విఫలమగుట తరచు. అతుకు బొత్తిగా ఎముకయైనచో శస్త్రచికిత్సతో దానిని సడలించి మర త్రిప్పుదురు. దానికి మత్తుమందు, ఆసుపత్రి, హెచ్చు వ్యయము కావలెను. పట్టీలను మాత్రమే నమ్మి, మూసికొన్న అతుకుమీద బలముగ మర త్రిప్పినచో ఎముక తెరువదు; పండ్లు వెలుపలికి ఒరిగి చిగుళ్ళు దిగిపోవును.

అంగిలియే చీలి పుట్టు బిడ్డలను గురించి చెప్పక ఈ ప్రసంగము పూర్తి కాదు. దీనిని గ్రహణపు మొర్రి అందురు. గర్భిణి గ్రహణము చూచినందున ఇది కలుగునను నమ్మకము నేటికిని పోలేదు. ఆ నమ్మకము వలన తల్లికి తీరని నింద కలుగుచున్నది. గ్రహణమునకును దీనికిని సంబంధము లేదు. గర్భము ధరించిన తొలి మూడు మాసములలో రెండు ప్రక్కలనుండి వచ్చి కలియవలసిన భాగములు కలియకపోవుటయే ఇది. వంశలక్షణము, పొగత్రాగుట, కొన్ని మందులు ఇందుకు తోడ్పడును. ఈ బిడ్డలకు జలుబు బిడ్డకు విపరీతముగ గాలి నోటినుండి ముక్కులోనికి తప్పించుకొని, బకారము మకారమువలె వినబడును. పసితనముననే పెదవిని, పిమ్మట అంగిలిని కుట్టుదురు. కుట్టిన మచ్చ బిగిసి పైదవడ ముడుచుకొనును. ఎనిమిది మొదలు పదునొకండేండ్ల నడుమ ఈ మరతోనే దానిని వెడల్పు చేసి, చిగురు ఎముకలోని పగులును తుంటి ఎముక పొడితో నింపుదురు. కోరపన్ను ఆ కొత్త ఎముకగుండ దిగివచ్చును. పసితనపు శస్త్రచికిత్సతో పని ముగిసినదని పల్లెలకు తిరిగిపోయినవారు ఈ రెండవ విడత నాటికి మరల రాకపోవుట పెద్ద లోపము.

ఈ బిడ్డలకొరకు ప్రభుత్వ సహాయము గలదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షించును. వారు చూడవలసిన లోపములలో మొర్రి యొకటి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకములో మొర్రి శస్త్రచికిత్స చేరియున్నది. ఆంధ్రప్రదేశమున ఆ పథకమును నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పిలుచుచున్నారు.

మొర్రి లేని, ఇరుకు దవడ మాత్రమే గల పిల్లలకు రామతీర్థమునుండి దారి దూరము కాదు. ముక్కు పరీక్షకు నెల్లిమర్లలో మహారాజా వైద్యవిజ్ఞాన సంస్థయు, విజయనగరమున 2023లో తెరచిన ప్రభుత్వ వైద్యకళాశాలయు ఉన్నవి. పండ్ల పనికి విశాఖ పోవు దారిలో సంగివలసవద్ద అనిల్ నీరుకొండ దంతకళాశాలయు, విశాఖలో గీతమ్ దంతకళాశాలయు ఉన్నవి. కళాశాలలలో విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో పనిచేయుదురు గనుక సాధారణముగ బయటి ఆసుపత్రులకంటె ఖర్చు తక్కువ, కూర్చుండవలసిన సమయము ఎక్కువ. పోవునప్పుడు బిడ్డ వయస్సు, నోరు తెరచి నిద్రించుట ఎప్పటినుండి, గురక యున్నదా, నిద్రలో ఊపిరి ఆగినట్లు ఎన్నడైన తోచినదా, క్రొత్త పండ్లు ఎప్పుడు వచ్చినవి యను సంగతులు ఒక కాగితముపై వ్రాసికొని పోవలెను. వైద్యుడు మొట్టమొదట అడుగునవి ఇవియే.